బంపరు మీద పసుపు లైట్లు

చుండూరు. 1969 జనవరి 3, శుక్రవారం

నిన్న చీకటిపడే వేళ జీపు నరసింహం వరికుప్పలో దూరింది. నేను దూర్చానని సీతారావమ్మ అంటోంది. పెళ్ళాం మాట ఎప్పుడూ అలాగే ఉంటుంది. తప్పు చేసినవాడు ఇంట్లో అందుబాటులో ఉంటే, బయట వెతకదు.

కుప్ప అనేది కళ్ళంలో ఉండాలి. నరసింహానికి మోపులు లోపలిదాకా మోయించడం బద్ధకం. రోడ్డు అంచునే వేయించాడు. రోడ్డు అంచున కుప్ప వేస్తే జీపు దూరదా? దూరుతుంది. అద్దం దాకా దూరింది. అందులో పడుకున్న కోడిపుంజు ఒకటి బానెట్ మీదికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, వేళకాని వేళ కూసింది.

నరసింహం పరుగెత్తుకుంటూ వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. నవ్వాడు. అదే నొప్పి.

"కుప్ప తొక్కించడానికి ట్రాక్టరుకి కబురు పెట్టాను గానీ, జీపుకి పెట్టలేదే బాబాయ్!" అన్నాడు.

ఆ మాట ఈ పొద్దు టీకొట్టు దాకా వచ్చింది. రేపటికి తెనాలి చేరుతుంది.

రాత్రి అన్నం దగ్గర, "హెడ్‌లైట్లు మసగ్గా ఉన్నాయే సీతా" అన్నాను.

"లైట్లు దివ్యంగా ఉన్నాయండి. మసగ్గా ఉన్నవి మీ కళ్ళు."

మజ్జిగ పోసేటప్పుడు ఇలాంటి మాటలు అనకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నా కళ్ళ విషయం ఇక్కడ ఒకసారి రాసి పెట్టుకోవడం మంచిది. కిందటేడు బాపట్లలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. నా బావమరిది పాండురంగారావు ఉండేది బాపట్లలోనే గనక నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. అక్కడ ముందు ఒక పెద్దమనిషి చూపు గొప్పతనం గురించి గంటసేపు ఉపన్యసించాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆయన కనపడలేదు, కాబట్టి గౌరవంగా విన్నారు. తరవాత డాక్టరు నా రెప్పలెత్తి, "కుడికన్ను శుక్లం పండుతోందండి. ఎడమది ఇంకా పచ్చి. బాగా పండాక రండి, తీసేస్తాం" అన్నాడు.

అంటే ఏమిటి? పండలేదు. పిందెని చూపించి పళ్ళబుట్ట అంటే ఎవరు ఒప్పుకుంటారు? నేను వ్యవసాయదారుణ్ణి. పండనిదాన్ని పంట కింద రాయను.

ఇది చెప్తే సీతారావమ్మ విననంటోంది. మాఘమాసంలో, ఈ ముప్పై ఒకటో తేదీన, మా అమ్మాయి సరోజ రేపల్లెలో కొత్తింట్లో పాలు పొంగిస్తోంది. పుట్టింటి బట్టలు పట్టుకుని మేము ముహూర్తానికి అక్కడుండాలి. జీపు యలమంద తోలాలట. యలమంద తెనాలిలో కరెంటు పని చేస్తాడు, డ్రైవింగూ వచ్చు.

"యుద్ధం నుంచి వచ్చిన జీపుని ఇన్నేళ్ళు తోలిన చెయ్యి ఇది" అన్నాను.

"చేతికేం కాలేదండి" అంది.

చివరికి ఒప్పందం కుదిరింది. జీపుకి ఇంకో రెండు లైట్లు పెట్టిస్తాను. ముప్పై ఒకటిన నేనే తోలుకుంటూ, దారిలో దేన్నీ గుద్దకుండా, ముహూర్తానికి అందరినీ రేపల్లె చేరిస్తే స్టీరింగు ఒంట్లో ఓపికున్నన్నాళ్ళు నాది. లేకపోతే తాళం యలమందకి ఇచ్చేసి పక్కసీట్లో కూర్చోవాలి. సాక్షి పాండురంగారావు.

పక్కసీట్లో కూర్చునే మగవాణ్ణి చూస్తే నాకెప్పుడూ జాలి. తన జీపులోనే చుట్టంలా ఉంటాడు.

జనవరి 5, ఆదివారం

తెనాలి వెళ్ళాను. పగలే. పగలు నన్నెవడూ ఏమీ అనలేడు.

యలమందకి తెలియని కరెంటు లేదు. రేడియోలు, పెళ్ళిళ్ళకి మైకులు, పొలం మోటార్లు, లారీ హారన్లు, అన్నీ అతనే. షాపు లోపల అన్నీ విప్పి ఉంటాయి. బిగించి ఉన్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి కనపడదు. వైరు పళ్ళతో ఒలుస్తూ మాట్లాడతాడు గనక సగం మాటలు రాగితో కలిసి వస్తాయి.

"లైట్లా బాబాయ్‌గారూ? మీ కోసమే దాచినట్టున్నాయి చూడండి" అని పాత లారీకి ఉన్న పసుపు అద్దాల లైట్లు రెండు తీశాడు. పూరీ అంత వెడల్పు ఉన్నాయి. మంచుకి పసుపు వెలుగే మంచిదట. తెలుపైతే మంచులో చెల్లాచెదురవుతుందట. పుట్టినప్పటి నుంచి ఈ డెల్టా మంచులో తిరుగుతున్నవాణ్ణి, నాకు ఈ సంగతి అతను చెప్పాలి.

బంపరుకి రెండు బొక్కలు పెట్టి, బోల్టులు బిగించి, స్టీరింగు కింద విడిగా ఒక స్విచ్చి పెట్టాడు. ఆ వైరు మధ్యలో ఒక ఫ్యూజు కూడా. "ఇది ఉంటే మీ బండి తగలబడదు" అన్నాడు. అంతకు ముందు తగలబడేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

చీకటిపడ్డాక ఇంటి ముందు స్విచ్చి నొక్కాను. రెండు లైట్లూ వెలిగాయి. వెలిగాయనే అనాలి. దగ్గరికి వెళ్ళి చూస్తే లోపల ఎర్రగా చుట్ట కాలుతున్నట్టుంది.

"సాంబ్రాణి పుల్లలు పెట్టించుకొచ్చారా?" అంది సీతారావమ్మ.

జనవరి 7, మంగళవారం

యలమంద వచ్చాడు. బ్యాటరీ నీరసించిందన్నాడు. రాత్రంతా చార్జింగు పెట్టించాను.

జనవరి 8, బుధవారం

అదే చుట్ట.

జనవరి 9, గురువారం

వైరు సన్నమన్నాడు. లావు వైరు వేశాడు. అదే చుట్ట. స్విచ్చి బాగోలేదన్నాడు. కొత్తది వేశాడు. అదే చుట్ట. డైనమో మీద కూడా అనుమానం వచ్చింది అతనికి. విప్పి, ఊది, మళ్ళీ పెట్టాడు. ఒక స్క్రూ మిగిలింది. "కంపెనీ వాళ్ళే ఎక్కువ ఇస్తారండి ఒకటి" అని జేబులో వేసుకున్నాడు.

ఈ మనిషి పద్ధతి నాకు అర్థమైంది. బాగున్నవాటిని ఒక్కొక్కటే మారుస్తూ పోతే చివరికి బాగోలేనిది మిగులుతుంది. మా ఊళ్ళో పంచాయితీ కూడా ఇలాగే చేస్తారు. అందరినీ పిలుస్తారు, తప్పు చేసినవాణ్ణి తప్ప.

జనవరి 10, శుక్రవారం

ఇవాళ లోపం నేనే కనిపెట్టాను.

బల్బు ఊడదీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దాని అడుగున ఇత్తడి మీద ఏదో చెక్కి ఉంది. నేను మూడో తరగతితో బడి మానేసినా, తరవాత ఎరువుల బస్తాల మీదా ఆయిలు డబ్బాల మీదా ఇంగ్లీషు పట్టుదలగా చదువుకున్నవాణ్ణి. ట్రాక్టరు పుస్తకం మొత్తం చదివాను. కానీ ఈ బల్బుల వాళ్ళు అక్షరాలు మరీ చీమ కాళ్ళంత చెక్కుతున్నారు ఈ మధ్య. సీతారావమ్మ వరండాలో అప్పడాలు ఆరేస్తుంటే, సరదాకి ఇచ్చాను.

"పన్నెండు అని ఉంది. పక్కన వీ" అంది.

"ఊ."

"బ్యాటరీ మీద ఆరు అని కదా ఉంది? రోజూ తుడుస్తాను. రెండూ ఒకటి కాకపోయినా ఫర్వాలేదా?"

ఉంది, నిజమే. ఇది యుద్ధం నాటి జీపు, దాని బ్యాటరీ ఆరు వోల్టులు. యలమంద పెట్టింది లారీ బల్బులు, పన్నెండు వోల్టులవి. సగం తిండి పెట్టి పూర్తి పని చెయ్యమంటే ఎవరు మాత్రం వెలుగుతారు?

"అదే నేనూ అనుకుంటున్నాను. నువ్వు చెప్పగలవో లేదో చూద్దామని ఇచ్చాను" అన్నాను.

"చెప్పానా మరి?"

"చెప్పావు."

అప్పడాల వైపు తిరిగింది. నవ్విందనుకుంటాను. అంత దూరం నుంచి స్పష్టంగా తెలియలేదు. ఎండ ఎదురుగా ఉంది.

జనవరి 12, ఆదివారం

ఆరు వోల్టుల బల్బులు వచ్చాయి. సాయంత్రం బండిలో పాండురంగారావు బాపట్ల నుంచి దిగాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఇప్పటికీ ఎవరు మాట్లాడినా, తప్పు ఎక్కడొస్తుందా అని చెవి ముందుకు పెట్టి వింటాడు. సైకిలు తప్ప ఏ వాహనమూ తోలడం రాదు, అయినా డ్రైవింగు గురించి అతనికున్నన్ని అభిప్రాయాలు డ్రైవర్లకి ఉండవు.

అతన్ని జీపు ముందు నిలబెట్టి స్విచ్చి నొక్కాను.

"అబ్బ! ఆపు బావా, ఆపు! కళ్ళు పోయాయి!" అని పంచె చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వెనక పశువుల కొట్టంలో గేదెలు లేచి నిలబడ్డాయట. వీధి చివర కుక్క మొరిగింది.

నేను స్టీరింగు దగ్గర కూర్చుని చూశాను. వెలుగు బాగానే ఉంది. కాకపోతే కొంచెం పల్చన. వెలిగిన ప్రతి దీపానికీ, చంద్రుడికి గుడి కట్టినట్టు, చుట్టూ ఒక రంగుల వలయం కనిపిస్తోంది. అద్దాల నాణ్యం. పాత లారీవి కదా.

"ఇంకో రెండు పెట్టిస్తే ఎలా ఉంటుందంటావు?" అని అడిగాను.

పాండురంగారావు ఏమీ అనకుండా వాళ్ళ అక్కయ్య వైపు చూశాడు. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఈ కుటుంబంలో నా పెళ్ళినాటి నుంచీ నాకు వ్యతిరేకంగా జరిగిన ప్రతి సంప్రదింపూ ఇలాగే మాటల్లేకుండా జరిగింది.

జనవరి 15, బుధవారం. కనుమ

ట్రాక్టరు వచ్చాక మా కొట్టంలో ఎడ్లు లేవు. కనుమనాడు కొమ్ములకి రంగు వెయ్యడానికి చేతులు తీటపెడతాయి. నలభై ఏళ్ళ అలవాటు ఊరికే ఊరుకోదు. గేదెలకి వేద్దామంటే, గేదెకి రంగేస్తే మంత్రి పెళ్ళానికి నగలు పెట్టినట్టుంటుంది, దాని మొహంలో కృతజ్ఞత కనపడదు.

జీపుకి వేశాను. వెండి రంగు. బంపరంతా, లైట్లు కూర్చునే కమ్ములు, వాటి బోల్టులు, సందులు, అన్నీ విప్పి, ఏమీ వదలకుండా రెండు పూతలు. ఆరాక మళ్ళీ బిగించాను. కుంకుమ బొట్టు, బంతిపూల దండ. మా పాత మైలఎద్దు గుర్తొచ్చింది. అది కూడా దండ వేస్తే ఇలాగే ముందుకు చూస్తూ నిలబడేది, తరవాత దండ తినేసేది.

సీతారావమ్మ పళ్ళెంలో హారతి తెచ్చింది. జీపుకి ఇచ్చి, కాసేపు ఆగి, నాకూ ఇచ్చింది.

జనవరి 16, గురువారం

పసుపు లైట్లు రెండూ చచ్చిపోయాయి.

జనవరి 17, శుక్రవారం

యలమంద వచ్చాడు. బల్బులు మంచివే. స్విచ్చి మంచిదే. ఫ్యూజు మంచిదే. అతని దగ్గర రెండు తీగల చివర చిన్న బల్బు కట్టిన సరంజామా ఒకటి ఉంది. దాంతో ఎక్కడ ముట్టించినా కరెంటు వస్తోంది. లైటు దాకా వస్తోంది. లైటులో వెలగడం లేదు.

"దిష్టి" అన్నాడు చివరికి. చదువుకున్న కరెంటు మనిషి.

జనవరి 18, శనివారం

నిమ్మకాయలు కట్టించాను. వెలగలేదు. మిరపకాయలు కూడా చేర్చాలేమో అన్నాడు పాండురంగారావు. అతను ఇంకా వెళ్ళలేదు.

జనవరి 19, ఆదివారం

దొరికింది. యలమంద గొప్పతనం ఏమీ లేదు. బోల్టు తిప్పుతుంటే స్క్రూడ్రైవరు జారి రంగు మీద గీసుకుపోయింది. లైటు ఒక్కసారి కన్ను కొట్టింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ కొట్టింది.

కరెంటు బ్యాటరీలోంచి వైరు మీద వస్తుందట, పని చూసుకుని బండి ఇనుము మీద తిరిగి వెళ్తుందట. దాన్నే ఎర్తింగు అంటారు. రావడానికి దారుండి, పోవడానికి దారి లేకపోతే కరెంటు గుమ్మం దాకా వచ్చి నిలబడి పోతుంది. నేను వేసిన రెండు పూతల వెండి రంగు కమ్మికీ బంపరుకీ మధ్య దూరి, ఆ తిరుగుదారి మూసేసింది.

"ఎవరండీ ఈ రంగేసింది? బోల్టు మరలో కూడా వేశాడు, వీడెవడో పిచ్చోడు" అన్నాడు యలమంద.

"ఎవరో" అన్నాను.

"కనుమ కదా" అంది సీతారావమ్మ వెనక నుంచి.

రంగు డబ్బా మీద రాయద్దూ, ఎర్తింగుకి వాడరాదని? ఇల్లు, తలుపులు, కిటికీలు, గేట్లు, అన్నీ రాశారు. అది మాత్రం రాయలేదు.

గీకేశాక లైట్లు బ్రహ్మాండంగా వెలిగాయి. గేదెలు మళ్ళీ లేచాయి.

జనవరి 22, బుధవారం

మన గేటు ఎడమ స్తంభం కొంచెం లోపలికి వాలి కట్టాడు మేస్త్రి. ఇన్నేళ్ళకి ఇవాళ తేలింది. బంపరుకి సొట్ట పెద్దదేం కాదు.

జనవరి 23, గురువారం

సొట్ట విషయం సీతారావమ్మకి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. స్తంభానికి సున్నం వేయించింది. తెల్లగా, నిలువెత్తున. ఎందుకో.

జనవరి 24, శుక్రవారం

సాయంత్రం స్విచ్చి నొక్కితే వెలగలేదు.

జనవరి 25, శనివారం

యలమంద వచ్చాడు. వెలిగాయి.

యలమంద వెళ్ళాడు. వెలగలేదు.

జనవరి 26, ఆదివారం

బడిలో జెండా ఎగరేసి బిళ్ళలు పంచారు. నా లైట్లు వెలగలేదు. ఫ్యూజు ఉండే చోట వేలితో తడిమి చూశాను, ఇత్తడి తగిలింది, ఉన్నట్టే ఉంది. రంగు గీకినచోట మళ్ళీ గీకాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

జనవరి 27, సోమవారం

యలమంద. వెలిగాయి. వెళ్ళాడు. వెలగలేదు.

జనవరి 28, మంగళవారం

నాకు తోచిన సిద్ధాంతం ఇది: ఈ లైట్లకి యలమంద అంటే భయం. మా చిన్నప్పుడు మా నాన్న ఎదుట బుద్ధిగా ఉండి, ఆయన అటు తిరగ్గానే కాలవలో దూకే నా లాంటివాణ్ణి ఈ ప్రపంచంలో వస్తువుల్లో కూడా పుట్టించాడు దేవుడు.

ఇది సీతారావమ్మతో అంటే ఎన్నడూ లేని సానుభూతి చూపించింది.

"పోనీలెండి. అతనుంటే వెలుగుతున్నాయి కదా. ముప్పై ఒకటిన అతన్నే తోలమందాం. అతను బండిలోనే ఉంటాడు, లైట్లూ వెలుగుతాయి."

"అంటే లైట్ల కోసం డ్రైవర్ని పెట్టుకోవాలా?"

"కొందరు డ్రైవరు కోసం లైట్లు పెట్టించుకోలేదూ?"

పాండురంగారావు పేపరు వెనక దగ్గాడు. అతను పేపరు తిరగేసి పట్టుకున్నాడని నాకు అనుమానం. రూఢిగా చెప్పలేను.

జనవరి 30, గురువారం

రేపు యలమంద తెల్లవారుజామునే వస్తానన్నాడట. రావద్దని తెనాలి కబురంపాను. సీతారావమ్మకి చెప్పలేదు. నేను దొంగతనం ఏమీ చెయ్యలేదు. నా జీపు, నా కూతురు, నా రోడ్డు.

ఫిబ్రవరి 1, శనివారం. రేపల్లె, సరోజ ఇంట్లో

నిన్నటిది నిన్న రాయలేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను. నన్ను నేను పొగుడుకోవడానికి ఇందులో చోటు తక్కువగా ఉంది.

ముహూర్తం ఉదయం ఎనిమిది దాటాక. మేము అయిదింటికి బయల్దేరాం. చీర, పంచెల చాపు, పసుపు కుంకుమ ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని సీతారావమ్మ ముందుసీట్లో. వెనక పాండురంగారావు, మణికట్టు వాచీ, మెడ చుట్టూ తెల్ల ఉత్తరీయం. మంచు చూరు మీంచి బొట్లు బొట్లుగా రాలుతోంది.

"యలమంద ఏడి?" అంది.

"జ్వరమట" అన్నాను.

నన్ను చూసింది. ఆ చూపుకి ఏ లైట్లూ అక్కర్లేదు.

స్విచ్చి నొక్కాను. వెలగలేదు. దిగి బానెట్ ఎత్తాను. వైరు లాగాను, బ్యాటరీ కదిపాను, కమ్మి గీకాను. మళ్ళీ నొక్కాను. వెలగలేదు. పాండురంగారావు వాచీ చూసుకుంటున్నాడు.

"బానెట్ మూసెయ్యండి" అంది సీతారావమ్మ. కొంగు ముడి విప్పింది. చిన్న గాజు గొట్టం, రెండు చివర్లా ఇత్తడి. నా అరచేతిలో పెట్టింది. ఫ్యూజు.

"నేనే తీశాను."

"ఎప్పుడు?"

"రోజూ. అతనొచ్చినప్పుడు పెట్టేదాన్ని. వెళ్ళాక తీసేదాన్ని."

"యలమందకి తెలుసా?"

"ఎలా తియ్యాలో చూపించింది అతనే."

"ఎందుకు చేశావే ఈ పని?"

"మీరు తోలకూడదని."

"మరి ఇప్పుడెందుకిస్తున్నావు?"

"అవతల పిల్ల పీటల మీద కూర్చుంటుంది. మీరు ఎలాగూ తోలతారు. చీకట్లో తోలడం కంటే వెలుతుర్లో తోలడం నయం కదా."

ఫ్యూజు ఆమే పెట్టింది. నాకు ఆ సందు సరిగా అందలేదు.

ఊరు దాటి కాలవ కట్ట ఎక్కేదాకా బాగానే ఉంది. ఆ దారి నాకు చెప్పులు తొడుక్కున్నంత అలవాటు. కట్ట ఎక్కాక మంచు పట్టుకుంది. నాలుగు లైట్లూ వేశాను. ఎదురుగా గోడ లేచింది. సున్నం వేసిన తెల్లగోడ, మధ్యలో పసుపు మరకలు, ఆ మరకల చుట్టూ రంగులు తిరుగుతున్నాయి. రోడ్డు లేదు. కాలవ లేదు. బానెట్ కూడా ఉందో లేదో. గుర్తు మీద తోలుతున్నాను. ఇక్కడ తుమ్మచెట్టు, ఇక్కడ తూము, ఇక్కడ వంపు.

ఎడమ చక్రం కింద మట్టి కదిలింది. రాళ్ళు దొర్లి నీళ్ళల్లో పడ్డ చప్పుడు విన్నాం ముగ్గురం. బ్రేకు తొక్కాను.

పాండురంగారావు మాట్లాడలేదు. ముప్పై అయిదేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు అది. అది మూతపడితే ఎంత భయమేస్తుందో నిన్ననే తెలిసింది.

"లైట్లు మరీ ఎక్కువైనట్టున్నాయి" అన్నాను.

సీతారావమ్మ సంచీ తమ్ముడి చేతికిచ్చి కిందికి దిగింది. కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. "ఆ ఉత్తరీయం ఇటివ్వరా" అని అడిగి తీసుకుని, వీపంతా కప్పేటట్టు భుజాల మీద వేసుకుంది. జీపు ముందుకు వచ్చి, మాకు వీపు పెట్టి నిలబడింది.

"ఎక్కడికే?" అన్నాను.

"నేను నడుస్తాను. మీరు నన్ను చూసుకుంటూ రండి."

"నువ్వు కనపడకపోతే?"

"హారన్ కొట్టండి, ఆగుతాను. కనపడేదాకా అడుగు వెయ్యను."

ఆ తెల్లగోడలో ఆ ఒక్క ఉత్తరీయం మాత్రం, గోడకంటే కాస్త తెల్లగా, కదులుతూ కనిపించింది. మొదటి గేరులో దాని వెంట పోయాను. ఆమె చెయ్యి ఎత్తితే ఆగాను. కుడికి చూపిస్తే కుడికి తిప్పాను. కాసేపటికి పాండురంగారావు కూడా దిగి, కాలవ వైపు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు, జీపు జారితే తను ఆపేటట్టు. ఆ బక్కమనిషి.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏమిటో గుర్తు లేదు. మైలఎద్దు కథ చెప్పాననుకుంటాను. ఇద్దరిలో ఎవరికీ వినపడే వీలు లేదు.

ఎదురుగా గడ్డిబండి ఒకటి వచ్చింది. బండివాడు ఆగి, "ఏంటమ్మా, జీపు చెడిందా?" అని అడిగాడు.

"జీపు బాగానే ఉంది నాయనా. మంచు" అంది.

అతను లైట్ల వెలుగులో నన్ను, ఆమెని, మళ్ళీ నన్ను చూసి, ఎడ్లని పక్కకి తోలుకున్నాడు. నరసింహంలా నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

కట్ట దిగి అమృతలూరు దగ్గరికి వచ్చేసరికి పొద్దు పొడిచింది. మంచు విడింది. ఆమె ఎక్కి కూర్చుని, సంచీ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, "పోనివ్వండి" అంది. తరవాత వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె.

ముహూర్తానికి అందాం. ఆవు గుమ్మం ఎక్కనని మొరాయిస్తోంది, దానివల్ల ఇంకాస్త సమయం కూడా మిగిలింది. సరోజ ఎదురొచ్చి తల్లి కాళ్ళు చూసింది. పిక్కల దాకా బురద. పంచెల చాపు పొడిగా ఉంది, ఆమె చీర మాత్రం మోకాళ్ళ దాకా తడిసింది.

"ఏంటమ్మా ఇది? నాన్న జీపులో కదా వచ్చారు?"

"కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయే. కాసేపు నడవాలనిపించింది" అంది. "నీళ్ళు ఎక్కడున్నాయి?"

పాలు పొంగాయి. భోజనాల దగ్గర పాండురంగారావు నా పక్కన కూర్చుని, మెల్లిగా తీర్పు చెప్పాడు. "బావా, దేన్నీ గుద్దలేదు. ముహూర్తానికి చేర్చావు. సాక్షిగా చెప్తున్నాను, నువ్వే గెలిచావు."

ముప్పై అయిదేళ్ళు మార్కులు వేసిన మనిషి. వందకి వందా వేసి, కాయితం నా మొహాన కొట్టినట్టు అనిపించింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

తాళం చెవి సరోజ చేతిలో పెట్టి, యలమందని ఇక్కడికి రమ్మని తెనాలి కబురు పెట్టించాను. గెలిచినవాడు కనక నా ఇష్టం. నడుం నొప్పిగా ఉంది.

ఫిబ్రవరి 5, బుధవారం. చుండూరు

బాపట్ల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కుడికన్ను శుక్లం పండిందట. బాగా పండిందన్నాడు, మెచ్చుకున్నట్టే. ఈ నెల్లోనే తీస్తాడు. ఎడమది వచ్చే ఏడు. "ఇప్పటిదాకా జీపు ఎలా తోలారండీ?" అని అడిగాడు.

లైట్లు బాగున్నాయి అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

తెనాలిలో చుట్టాలింట్లో భోజనం. సాయంత్రం యలమంద తోలుకొచ్చాడు. నేను పక్కసీట్లో. గేర్లు మార్చడంలో అతనికి బొత్తిగా నాజూకు లేదు. బండిని రేడియో విప్పినట్టు తోలతాడు. నాలుగు సలహాలు చెప్పాను. "అలాగే బాబాయ్‌గారూ" అన్నాడు, అలా చెయ్యలేదు.

చీకటి పడింది. పసుపు లైట్లు వేశాడు. వెలిగాయి. దారిలో మంచు లేదు, గడ్డిబళ్ళు మాత్రం ఉన్నాయి.

నరసింహం కుప్ప ఉన్నచోట ఇప్పుడేమీ లేదని చెప్దామని వెనక్కి తిరిగాను. సీతారావమ్మ సంచీ మీద చెయ్యి వేసుకుని, తల జీపు కమ్మికి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

ఇన్నేళ్ళూ ఈ జీపులో ఆమె ఒక్కసారి కూడా నిద్రపోలేదు. నా కబుర్లు వినడానికి మేలుకుని ఉంటుందనుకునేవాణ్ణి.

యలమందని మెల్లిగా పోనివ్వమన్నాను.